రెండో ట్యూబు

కదిరమ్మకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. బస్సు నంబరు, మంచం నంబరు, గోడ గడియారంలో టైము, ఈ మూడూ చూసుకోగలిగితే చాలు, బెంగుళూరులో ఎక్కడైనా బతకొచ్చని ఆమె ధైర్యం. మడివాళ మార్కెట్ వెనక సందులో ఒక గది తీసుకుని ఉండేది. రోజూ పొద్దున ఎనిమిదింటికల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో ఉండాలి. సాయంత్రం నాలుగింటికి డ్యూటీ దిగుతుంది. పేషంట్లను స్ట్రెచర్ మీదికి ఎక్కించడం, దింపడం, దుప్పట్లు మార్చడం, రక్తం ట్యూబులు ల్యాబుకు చేర్చడం ఆమె పని. తొమ్మిదేళ్ళుగా అదే పని చేస్తున్నా, ఆసుపత్రివాళ్ళు చెప్పే మాట ఏదీ ఆమె ఒక్కసారికి నమ్మేది కాదు.

అందుకు కారణం ఉంది. ఆమెది కదిరి పక్కన ఒక పల్లె. 1994లో వానలు ముఖం చాటేస్తే మొగుడు వెంకటరమణతో కలిసి బెంగుళూరొచ్చి కట్టడాల్లో ఇటుకలు మోసింది. రెండేళ్ళు తిరిగేసరికి వెంకటరమణకు తొడ మీద గడ్డ లేచింది. చిన్నదే కదా అని పసుపు పెట్టి పనికి పోయాడు. నాలుగో రోజుకు చలిజ్వరం పట్టి, పొంతన లేని మాటలు మాట్లాడసాగాడు. ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ ఆరుసార్లు రక్తం తీశారు. కదిరమ్మ లెక్కపెట్టింది. ఎందుకు తీస్తున్నారంటే ఎవరూ చెప్పలేదు. ఎవరో వచ్చి ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచి ఒక కాగితం మీద నొక్కించుకుని పోయారు. మర్నాడు మధ్యాహ్నం అతను పోయాడు. రక్తమంతా తోడేసి చంపారని ఆడబిడ్డ చావింట్లో శోకాలు పెట్టింది. కదిరమ్మ ఆ మాట నమ్మలేదు. కాదని కొట్టిపారెయ్యనూ లేదు. ఆ కాగితంలో ఏం రాసి ఉందో ఆమెకు చివరిదాకా తెలియలేదు.

ఆ తర్వాత ఇటుకలు మోయడానికి ఒంట్లో సత్తువ చాలలేదు. పక్క గదిలో ఉండే నర్సమ్మ అనే ఆమెది పాలమూరు వైపు. ఆమె ఈ ఆసుపత్రిలో ఊడ్చే పని చేసేది. ఆయా పని ఉందని ఆమే చెప్పింది. ఆసుపత్రి పేరెత్తితేనే మండిపడే కదిరమ్మ ఎట్లా ఒప్పుకుందని నర్సమ్మ ఆశ్చర్యపోయింది. లోపల వీళ్ళు ఏం చేస్తారో ఇప్పుడైనా చూస్తాను కదా అంది కదిరమ్మ.

చూసింది కూడా. తొమ్మిదేళ్ళలో చాలా చూసింది. మంచివాళ్ళను చూసింది, విసుక్కునేవాళ్ళను చూసింది. నిద్రలేక గోడకానుకుని కునికే డాక్టర్లను చూసి జాలిపడింది. కానీ ఎవరైనా పేషంటు చేత వేలిముద్ర వేయిస్తుంటే మాత్రం చేతిలో పని ఆపి అటే చూసేది.

2006 మార్చిలో డాక్టర్ సౌమ్య క్యాజువాలిటీకి వచ్చింది. ముప్ఫైమూడు, ముప్ఫైనాలుగేళ్ళుంటాయి. నడిస్తే పరుగులాగే ఉండేది. వచ్చిన రెండో వారంలో నర్సులనూ ఆయాలనూ నిలబెట్టి కన్నడంలో ఒక సంగతి చెప్పింది. ఒంట్లో ఎక్కడో చీము పట్టో, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరో, ఆ విషం రక్తంలోకి పాకినవాళ్ళు రోజూ వస్తుంటారు. దాన్ని సెప్సిస్ అంటారు. వాళ్ళలో ఎవరు కోలుకుంటారో, ఎవరు చెయ్యిదాటిపోతారో రక్తంలో ఉండే కొన్ని పదార్థాలు ముందే చెబుతాయేమో చూడాలి. అందుకని రాగానే ఒక ట్యూబు, సరిగ్గా ఆరు గంటల తర్వాత ఇంకో ట్యూబు తీస్తారు. ఆ రెండింటినీ ఐసు వేసిన థర్మాకోల్ డబ్బాలో పెట్టి ఆయాలు వెంటనే ల్యాబుకు చేర్చాలి. అక్కడ రక్తంలోంచి పసుపు నీరు విడదీసి, ఫ్రీజరులో గడ్డకట్టించి, వారానికోసారి మిషనులో పెడతారు. లెక్కలన్నీ పూర్తయ్యేదాకా ఆ ఫలితం పేషంటుకూ చెప్పరు, మందులిచ్చే డాక్టరుకూ చెప్పరు.

కదిరమ్మకు మిగతాదంతా సగం సగం అర్థమైంది గానీ ఆ చివరి మాట గొంతులో ముల్లులా ఇరుక్కుంది. చెప్పనప్పుడు తీయడం దేనికని హెడ్ నర్సును అడిగింది. అది రీసెర్చి, నీకర్థం కాదులే అంది ఆమె.

ఆ సాయంత్రం ఈ సంగతి నర్సమ్మతో చెబితే ఆమె ఇంకో అనుమానం జోడించింది. పేదవాళ్ళ రక్తమే తీస్తున్నారా, పైన గదుల్లో దిగే డబ్బున్నవాళ్ళది కూడానా అని. మంచి ప్రశ్నే అనిపించింది కదిరమ్మకు. రెండు వారాలు కన్నేసి ఉంచింది. నగల షాపు యజమాని ఒకాయన నిమోనియాతో వస్తే ఆయనదీ తీశారు. ఒక లాయరు తల్లిదీ తీశారు. ఆ అనుమానం అక్కడికి తేలిపోయింది. తేలిపోయినందుకు ఆమె కొంచెం చిన్నబుచ్చుకుంది కూడా.

మరి గడ్డకట్టించి ఎక్కడికి పంపుతారు? ల్యాబులో పనిచేసే వెంకటగిరియప్ప నెమ్మదస్తుడు. ఆమె అడగ్గానే ఫ్రీజరు తలుపు తీసి చూపించాడు. పొగలు కక్కే చలిలో చిటికెన వేలంత గొట్టాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో నాలుగు చుక్కలు. ఇవి అమ్మితే ఎవరు కొంటారమ్మా అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. అంత భద్రంగా దాచిన వస్తువుకు విలువ లేకుండా ఎట్లా ఉంటుందని మనసులో అనుకుంది.

ఈ పని కోసమే గిరీష్ అని ఒక కుర్రవాణ్ణి పెట్టుకున్నారు. పాతికేళ్ళవాడు, ఎప్పుడూ నవ్వుముఖం. పొద్దున తొమ్మిదింటికి చంకలో హెల్మెట్‌తో వచ్చి సాయంత్రం ఐదింటికి పోతాడు. పేషంటు బంధువుల దగ్గరకు నాలుగు పేజీల కాగితం తీసుకుపోయి, చివరి పేజీ మాత్రం తిప్పి, ఇక్కడ సంతకం, రాకపోతే వేలిముద్ర అనేవాడు. ఏముంది ఇందులో అని ఎవరైనా అడిగితే రక్తపరీక్షకమ్మా అనేవాడు. అది చూసిన ప్రతిసారీ కదిరమ్మకు బొటనవేలు దురద పెట్టినట్టుండేది. డాక్టర్ సౌమ్య రోజూ మధ్యాహ్నం వచ్చి అతన్ని ఒకటే అడిగేది, ఇవాళ ఎంతమంది అని. ముగ్గురంటే ముఖం వెలిగేది, ఒక్కరే అంటే ముడుచుకుపోయేది. మనుషులు జబ్బుపడి వస్తే ఈమెకు ఇంత సంతోషమేమిటని కదిరమ్మ ఒక కంట ఆమెను కూడా చూస్తుండేది.

జూలైలో ఒక మధ్యాహ్నం దొడ్డబళ్ళాపురం నుంచి ఒక ముసలాయనను తీసుకొచ్చారు. నలభై ఏళ్ళు మగ్గం మీద పట్టుచీరలు నేసిన మనిషి. దగ్గు, ఎగశ్వాస. ఏడో నంబరు మంచం మీద పడుకోబెట్టారు. రెండూ ఇరవైకి గిరీష్ మొదటి ట్యూబు తీస్తే కదిరమ్మే ల్యాబుకు తీసుకుపోయింది. మూడూ ముప్పావుకు, ఇక డ్యూటీ దిగబోతుండగా, అతను మళ్ళీ పిలిచి ఐసు డబ్బా చేతికిచ్చాడు. వరండాలో నడుస్తూ ట్యూబు వంక చూసింది. ఏడో నంబరు మంచం. కింద టైము ఎనిమిదీ ఇరవై అని ఉంది.

ఆగిపోయింది. గోడ గడియారం చూసింది. మళ్ళీ ట్యూబు చూసింది. ఎనిమిదీ ఇరవై కావడానికి ఇంకా నాలుగున్నర గంటలుంది. తప్పు చూశానేమోనని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసింది. తప్పేమీ లేదు. ఇంకా రాని టైమును ఇప్పుడే రాసేశారు. ల్యాబులో వెంకటగిరియప్ప ఎప్పట్లాగే ట్యూబు తీసుకుని, దాని మీద ఉన్నదే తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు. గడియారం చూడలేదు.

మర్నాడు పొద్దున వచ్చేసరికి ఏడో మంచం ఖాళీగా ఉంది. ఆ ముసలాయన సాయంత్రం ఆరు దాటాక పోయాడని నర్సు చెప్పింది. ఆరింటికి చచ్చిపోయిన మనిషి దగ్గర ఎనిమిదీ ఇరవైకి తీసిన రక్తం ల్యాబులో ఉంది.

ఆ రోజునుంచి ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక పని మొదలుపెట్టింది. మందుల కంపెనీవాళ్ళిచ్చిన పాత క్యాలెండరు కాగితాలు మడిచి రవికలో పెట్టుకునేది. ట్యూబు చేతికి రాగానే పక్కకు పోయి, కాగితం వెనక తేదీ, మంచం నంబరు, ట్యూబు మీది టైము, గడియారంలో టైము వేసుకునేది. వంకర టింకర అంకెలే, కానీ ఆమెకు అర్థమయ్యేవి. పొద్దున పదింటిలోపు వచ్చినవాళ్ళవి రెండు టైములూ సరిపోయేవి. పదకొండు దాటి వచ్చినవాళ్ళవి మాత్రం ఒక్కటీ సరిపోయేది కాదు. ఆరు గంటలు ఆగితే గిరీష్ ఇంటికి పోయే వేళ దాటిపోతుంది మరి.

అయినా ఆమె అనుమానం గిరీష్ మీద నిలవలేదు. వాడు చెప్పిన పని చేసే కుర్రవాడు. చేయించేది పైనున్న ఆమే అయ్యుండాలి, లేకపోతే ఎంతమంది, ఎంతమంది అని రోజూ ఎందుకు అడుగుతుంది అని ఆమె తీర్మానించుకుంది. చెప్పుకుందామంటే ఎవరికి చెప్పాలో తెలియలేదు. చెబితే ఉద్యోగం ఊడుతుందని నర్సమ్మ భయపెట్టింది. అట్లా రెండు నెలలు గడిచాయి.

సెప్టెంబరులో ఒక పొద్దున తొమ్మిదింటికి ఆటో దిగిన పేషంటును చూసి కదిరమ్మ చేతిలో దుప్పటి జారిపోయింది. ఆమె తమ్ముడు తిరుపాలు. మహదేవపురలో కంప్యూటరు ఆఫీసుల కోసం కడుతున్న పెద్ద కట్టడంలో సెంట్రింగు పని చేస్తున్నాడు. నాలుగు రోజుల కింద మేకు తొక్కితే సైటు కాంపౌండరు సూది వేశాడట. ఇప్పుడు పాదం నుంచి మోకాలి కిందిదాకా ఉబ్బి, ఎర్రగా మెరుస్తోంది. మనిషి మాత్రం బాగానే మాట్లాడుతున్నాడు. అక్కను చూసి నవ్వాడు కూడా. చిన్న డాక్టరు బీపీ చూసి, ఫర్వాలేదు, కట్టు కట్టి వార్డుకు పంపుదాం అన్నాడు.

అప్పుడు నాలుగు పేజీల కాగితంతో గిరీష్ వచ్చాడు. కదిరమ్మ మంచానికి అడ్డం నిలబడింది. వద్దంది. రక్తపరీక్షకేనమ్మా అన్నాడతను. ఏ పరీక్షా వద్దంది. అతను కాసేపు బతిమాలి, చివరికి పోయి డాక్టర్ సౌమ్యను వెంటబెట్టుకొచ్చాడు. ఎందుకొద్దంటున్నావని ఆమె కన్నడంలో అడిగింది. కదిరమ్మ తమ్ముడి వైపు తిరిగి, ఆమెకు అర్థం కాదు కదా అని తెలుగులో గట్టిగానే అంది.

"ఒరే తిరుపాలా, ఏలుముద్ర ఎయ్యొద్దు. ఈయమ్మ దొంగలెక్కలు రాపిస్తాండాది. సచ్చినోళ్ళకాడ కూడా రక్తం తీసినట్టు రాస్తాండారు ఈడ."

"ఏం దొంగలెక్కలు కదిరమ్మా?"

తెలుగులో అడిగింది డాక్టర్ సౌమ్యే. కదిరమ్మకు ఆరు నెలలుగా ఈమె ఎదుట తామంతా తెలుగులో ఏమేం మాట్లాడుకున్నారో ఒక్కసారిగా గుర్తొచ్చి ఒళ్ళంతా సిగ్గూ కోపమూ కమ్ముకున్నాయి.

"మీకు తెలుగొస్తాదా?"

"మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా తాతల కాలం నుంచీ చిక్కపేటలో ఉండాము. ఈడ అందరూ కన్నడంలో మాట్లాడతారు, నాకూ అదే అలవాటైపోయింది. అది ఉండనీ. సచ్చినోళ్ళ సంగతేందో చెప్పు."

చెప్పక తప్పలేదు. ఏడో నంబరు మంచం ముసలాయన గురించి చెప్పింది. పదకొండు దాటాక వచ్చినవాళ్ళందరి గురించీ చెప్పింది. రవికలోంచి మడతలు తీసి చేతికిచ్చింది. పక్కన గిరీష్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. డాక్టర్ సౌమ్య ఆ అంకెలను కిందినుంచి పైకి ఒకసారి, పైనుంచి కిందికి ఒకసారి చూసింది. మడిచి కోటు జేబులో పెట్టుకుని, తిరుపాలు మంచం దగ్గరకు వెళ్ళింది.

అతని పొట్ట మీద చెయ్యి పెట్టి, వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. చేతి గోరు నొక్కి వదిలింది. మోకాలి మీద చర్మం తాకి చూసింది. తర్వాత గిరీష్ చేతిలోంచి కాగితాలు తీసుకుని బల్ల మీద పడేసింది.

"ఇది వద్దులే. నీ తమ్ముణ్ణి లెక్కలోకి తీసుకోను. కానీ వీడి పరిస్థితి నాకు నచ్చలేదు. మాట బాగుండాది, బీపీ బాగుండాది, ఊపిరి మాత్రం ఎగపోస్తాండాడు. చేతులు చల్లగుండాయి. ఆ రక్తం నేనే తీస్తా, వీడి కోసమే తీస్తా. తీయనా?"

"తీసి ఏం చూస్తారు?"

డాక్టర్ సౌమ్య మొదటిసారి నిలబడి తీరిగ్గా చెప్పింది. ఒంట్లో విషం పాకితే లోపలి అవయవాలకు రక్తం సరిగా అందదు. అందనప్పుడు ల్యాక్టేట్ అని ఒక పులుపు రక్తంలో పేరుకుంటుంది. ఈ రీసెర్చిలో కొలిచే పదార్థాల్లో అదొకటి. బీపీ పడిపోకముందే అది పెరగొచ్చు. పెరిగిందంటే బయటికి బాగున్నట్టు కనిపించినా లోపల బాగాలేదని. ఆ అంకె రెండులోపు ఉంటే మంచిది.

"అంకె నాకు చెప్తారా?" అంది కదిరమ్మ.

"నువ్వే తీసుకోనిపో. వెంకటగిరియప్పను ఇప్పుడే మిషన్లో పెట్టమని నేను చెప్పినానని చెప్పు. వచ్చేదాకా ఆడే నిలబడు. అంకె నువ్వే చూసుకుని వచ్చి నాకు చెప్పు."

తొమ్మిదీ నలభైకి తీశారు. ట్యూబు మీద తొమ్మిదీ నలభై అనే రాశారు. కదిరమ్మ ఆ డబ్బా పట్టుకుని వరండాలో పరుగెత్తింది. మిషను పక్కన నిలబడి కళ్ళార్పకుండా చూసింది. అద్దంలో అంకె వెలిగింది. తిరిగొచ్చి చెప్పింది, ఐదు, చుక్క, ఎనిమిది.

అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న డాక్టర్ సౌమ్య ఇక ఎవర్నీ నిలబడనివ్వలేదు. రెండు చేతులకూ సూదులు గుచ్చి సెలైన్ ధారగా వదిలారు. పావుగంటలో యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆపరేషన్ డాక్టరును ఫోన్ చేసి పిలిపించింది. ఆయన వచ్చి పాదం చూసి, కోసి చీమునంతా తీసెయ్యాలి, ఆలస్యం పనికిరాదు అన్నాడు. ఆపరేషనుకు ఒప్పుకునే కాగితం మీద మాత్రం వేలిముద్ర తప్పదు. డాక్టర్ సౌమ్య దాన్ని మొదటి మాట నుంచి చివరి మాటదాకా తెలుగులో చదివి వినిపించింది. కాలి వేళ్ళు పోవచ్చు, కాలే పోవచ్చు, మనిషికే ముప్పు రావచ్చు అని కూడా దాచకుండా చదివింది. కదిరమ్మ విని, రెండో పేజీ మళ్ళీ చదవమని అడిగి, అప్పుడు వేలు ముందుకు పెట్టింది. పదకొండింటికి లోపలికి తీసుకుపోయేటప్పటికే తిరుపాలు బీపీ పడిపోతోంది. నవ్వుతూ వచ్చిన మనిషి అక్కను గుర్తుపట్టలేదు.

రెండు వేళ్ళు తీసేశారు. ఒంటిగంటకు ఐ.సి.యు.లో చేర్చారు. కదిరమ్మ తలుపు బయట నేల మీద కూర్చుంది. డాక్టర్ సౌమ్య ఒక ఫైళ్ళ దొంతర తెచ్చుకుని అక్కడే బెంచీ మీద కూర్చుని, ఒడిలో క్యాలెండరు కాగితాలు పరుచుకుని ఒక్కో పేరూ సరిచూసుకుంటోంది. దొడ్డబళ్ళాపురం ముసలాయన ఫైలు రాగానే అందులోంచి రెండు కాగితాలు బయటికి తీసింది. ఆరూ ఐదుకు మరణం. ఎనిమిదీ ఇరవైకి రక్తం. రెండూ ఒకే ఫైలులో ఉన్నాయి. రెండు నెలలుగా ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

అప్పుడే కదిరమ్మ పదేళ్ళుగా అడగాలనుకున్నది అడిగింది. తొడ మీద గడ్డ, చలిజ్వరం, ఆరుసార్లు రక్తం, వేలిముద్ర, అన్నీ చెప్పింది. తన మొగుడికి కూడా ఇదే వచ్చిందా అని అడిగింది. డాక్టర్ సౌమ్య ఫైలు మూసింది.

"అయ్యుండొచ్చు. కానీ ఆ కాగితాలు చూడకుండా చెప్పలేను. నాకు తెలీదు కదిరమ్మా."

ఇన్నేళ్ళలో ఒక డాక్టరు నోట తెలీదన్న మాట వినడం కదిరమ్మకు అదే మొదలు.

మూడూ నలభైకి రెండో ట్యూబు తీశారు. మూడు, చుక్క, ఒకటి. తగ్గుతోందన్నమాట. తిరుపాలు నాలుగో రోజుకు కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాడు.

అంతటితో కదిరమ్మకు డాక్టర్ సౌమ్య మీద నమ్మకం కుదిరిందనుకుంటే పొరపాటు. తమ్ముడు గండం గట్టెక్కాడని తెలిసిన మర్నాటినుంచే కొత్త అనుమానం మొదలైంది. చేతిలో ఉన్న ఒక్క రుజువూ ఆ క్యాలెండరు కాగితాలు. అవి డాక్టర్ సౌమ్య కోటు జేబులోకి పోయాయి. వారం గడిచినా ఏమీ జరగలేదు. గిరీష్ హెల్మెట్ చంకలో పెట్టుకుని వస్తూనే ఉన్నాడు, ఆఫీసు గదిలో కూర్చుని పోతున్నాడు. డాక్టర్ సౌమ్య ఎదురుపడితే తల పంకించి దాటిపోతోంది. పదో రోజు హెడ్ నర్సు పిలిచి, రేపటినుంచి నీకు క్యాజువాలిటీ వద్దు, దుప్పట్లు మడిచే గదికి పో అంది. ఎందుకని అడిగితే పైనుంచి చెప్పారంది.

తెలుగు మాట్లాడి మాయచేసింది చూడు అని నర్సమ్మ నొచ్చుకుంది. కదిరమ్మ రెండు వారాలపాటు వేలకొద్దీ దుప్పట్లు మడిచింది. తమ్ముడి ప్రాణం నిలబెట్టిన మనిషిని తిట్టుకోవడానికి మనసు రాదు, తిట్టుకోకుండా ఉండటానికీ మనసొప్పదు. ఐ.సి.యు. నుంచి వార్డుకొచ్చిన తిరుపాలు దగ్గర కూర్చున్నా ఆమె కళ్ళు తలుపు మీదే ఉండేవి.

అక్టోబరులో ఒక ఉదయం పై అంతస్తులో మీటింగు గదికి రమ్మని కబురొచ్చింది. లోపల పొడుగాటి బల్ల చుట్టూ ఐదుగురు కూర్చున్నారు. ఆసుపత్రిలో జరిగే రీసెర్చి పనులకు అనుమతులిచ్చే కమిటీ అది. అందరికంటే పెద్దాయన, తల నెరిసిన డాక్టరు, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. డాక్టర్ సౌమ్య వాళ్ళ వరసలో లేదు. బల్లకు ఈవల, గిరీష్ పక్కన, నిందపడినవాళ్ళు కూర్చున్నట్టు కూర్చుని ఉంది. బల్ల మీద ఒక్కో క్యాలెండరు కాగితాన్నీ విడివిడిగా ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంచారు.

ఇవి నువ్వు రాసినవేనా అని పెద్దాయన అడిగాడు. ఔనంది. చదువు రాదంటున్నావు, టైము సరిగ్గా చూశావని ఎట్లా నమ్మాలని ఇంకొకాయన అడిగాడు. కదిరమ్మకు ఒళ్ళు మండింది. ఆయన వెనక గోడ గడియారం వైపు చూపించి, పదకొండూ పన్నెండు, మీ చేతి వాచీ ఎంత చూపిస్తాందో చూసుకోండి సార్ అంది. ఆయన చూసుకున్నాడు. అదే టైము.

గిరీష్ దాచలేదు. పదకొండు దాటి వచ్చినవాళ్ళ రెండో ట్యూబు ముందే తీసి, ఆరు గంటలు కలిపి టైము రాశానన్నాడు. అట్లా ఎందుకు చేశావంటే, మేడమ్ రోజూ ఎంతమంది అని అడిగేవారు గానీ, సాయంత్రం ఐదింటి తర్వాత రెండో ట్యూబు ఎవరు తీస్తారని ఒక్కరోజూ అడగలేదన్నాడు. అది నిజమేనని డాక్టర్ సౌమ్య ఒప్పుకుంది. కాగితం చదివి వినిపిస్తున్నారా లేదా అని కూడా తాను చూడలేదని, ఆ తప్పు తనదేనని చెప్పింది.

కదిరమ్మకు అక్కడే ఇంకో సంగతి తెలిసింది. తిరుపాలుకు ఆపరేషన్ అయిన మర్నాడే ఆ కాగితాలన్నీ జత చేసి కమిటీకి ఉత్తరం రాసింది డాక్టర్ సౌమ్యే. విచారణ తేలేదాకా ఎవరి ఒత్తిడీ ఆయా మీద పడకూడదని ఆమెను వేరే చోటికి మార్చమన్నది ఆ పెద్దాయన. ఆ సంగతి ఆయాకు కూడా చెప్పాలని మాత్రం వాళ్ళలో ఎవరికీ తట్టలేదు.

"నాకు ఒక మాట చెప్పింటే ఏం పోతాండె సార్?" అంది కదిరమ్మ.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెప్పాల్సిందేనమ్మా అన్నాడు.

ఏడు నెలల పని, నూటనలభై మంది రక్తం, మొత్తం రద్దు చేశారు. పొద్దున వచ్చినవాళ్ళవైనా మిగుల్చుకుందామని ఎవరో అంటే డాక్టర్ సౌమ్యే వద్దందట. గిరీష్‌ను పంపించేశారు. పోయే రోజు అతను దుప్పట్ల గది దాకా వచ్చి, గుమ్మంలోంచి చూసి వెళ్ళిపోయాడు. ఆ మనిషి మీద కదిరమ్మకు కోపం లేదు. జాలి కూడా పెద్దగా లేదు. ముసలాయనకు ఎనిమిదీ ఇరవై రాసిన చెయ్యి అదే కదా అనుకుంది.

ఆమెను మళ్ళీ క్యాజువాలిటీలో వేశారు. తిరుపాలు నెలన్నరకు లేచి నడిచాడు. కుంటుతాడు గానీ నడుస్తాడు. పరంజాలెక్కే పని మానేసి, అదే సైటులో కూర్చుని ఇనుపకడ్డీలు వంచే పనికి మారాడు.

2008 మొదట్లో పరీక్షలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి పగలొకరు, రాత్రొకరు ఉన్నారు. ట్యూబు ఎప్పుడొచ్చిందో వెంకటగిరియప్ప తన గడియారం చూసి తనే రాసుకుంటాడు. మొదటి ట్యూబులో ల్యాక్టేట్ అంకె ఎక్కువగా ఉంటే మందులిచ్చే డాక్టరుకు అప్పుడే చెబుతారు. కాగితం కన్నడం, తెలుగు, తమిళంలో అచ్చయింది. దాన్ని పూర్తిగా చదివి వినిపించాలి. తెలుగువాళ్ళకు చదివేటప్పుడు కదిరమ్మ పక్కన నిలబడేది. ఎవరూ నిలబడమనలేదు. మధ్యలో పేజీ దాటేస్తే దగ్గేది.

ఏడాదిన్నరకు లెక్కలు తేలాయి. 2009 ఆగస్టులో ఒక మధ్యాహ్నం డాక్టర్ సౌమ్య మళ్ళీ నర్సులనూ ఆయాలనూ పిలిచింది. ముందు కన్నడంలో చెప్పింది, తర్వాత తెలుగులో చెప్పింది. అంకె పెద్దదై, ఆరు గంటలకూ తగ్గనివాళ్ళలో ఎక్కువమంది పోయారు. తగ్గినవాళ్ళలో ఎక్కువమంది బతికారు. అది పనికొచ్చే సంగతే. కానీ పోయినవాళ్ళలో ప్రతి ఐదుగురిలో ఒకరికి మొదటి అంకె బాగానే ఉంది. వాళ్ళ విషయంలో అది ఏమీ చెప్పలేకపోయింది.

అందరూ వెళ్ళాక కదిరమ్మ ఉండిపోయింది.

"అయితే దాన్నీ నమ్మేదానికి లేదంటారు."

"పూర్తిగా నమ్మేదానికి లేదు. మనిషిని కూడా చూసుకోవాల."

"ఈ మాట మొదట్లోనే అనింటే," అంది కదిరమ్మ, "నేను అప్పుడే కొంచెం నమ్మింటాను మేడమ్."

డాక్టర్ సౌమ్య నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఊరుకుంది. బయట ఆంబులెన్సు ఆగిన చప్పుడైంది. కదిరమ్మ కొంగు బిగించుకుని స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్ళింది.